గ్రంథాలయంలో వెతకడం పిల్లలకు నేర్పే విధానం: ధవళేశ్వరం ఆనకట్ట ఉదాహరణగా

తొమ్మిదో తరగతికి ‘ధవళేశ్వరం ఆనకట్ట’ అని ప్రాజెక్టు ఇచ్చిన ఉపాధ్యాయుడికి వారం తిరిగేసరికి ముప్పై కాగితాల కట్టలు అందుతాయి. ముప్పైలోనూ అవే వాక్యాలు, గోదావరి మీద ఆ ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజినీరు ఆర్థర్ కాటన్‌ది అదే బొమ్మ, చాలావరకు అవే అచ్చుతప్పులు కనిపిస్తాయి. పిల్లలు నెట్ సెంటరులో ఒకే పేజీని అచ్చు తీయించుకున్నారని మనం విసుక్కుంటాం కానీ, నా ఉద్దేశంలో తప్పు సగానికి పైగా మనదే. మనం వారికి ఒక శీర్షిక ఇచ్చాం, ప్రశ్న ఇవ్వలేదు. ‘నీకీ సంగతి ఎలా తెలుసు?’ అని అడుగుతామని ముందుగా చెప్పనూ లేదు. గ్రంథాలయంలో పరిశోధన నేర్పడమంటే నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగేలా పిల్లవాణ్ణి తయారుచేయడమే. తను రాసే ప్రతి వాక్యం ఏ పుస్తకంలో, ఏ పుటలో దొరికిందో వాడు చెప్పగలగాలి.

ఈ మార్గదర్శిని ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. వారానికి ఒక పీరియడు చొప్పున ఆరు వారాలు, ఆ మధ్యలో గ్రంథాలయానికి కనీసం రెండుసార్లు వెళ్లిరావడం ఇందుకు సరిపోతుంది. ఉదాహరణ గోదావరి జిల్లాలది. మీది పాలమూరైనా, అనంతపురమైనా మీ ఊరి చెరువునో కోటనో తీసుకొని ఇదే దారిలో నడవవచ్చు. పిల్లవాడు నడిచి వెళ్లి కళ్లారా చూడగలిగిన అంశమైతే మంచిది.

ముందు ఉపాధ్యాయుడు వెళ్లాలి

పిల్లలను తీసుకువెళ్లడానికి కనీసం పది రోజుల ముందు మీరు ఒక్కరే గ్రంథాలయానికి వెళ్లి, ఒక పూటంతా అక్కడ గడపండి. మన శాఖా గ్రంథాలయాల్లో చాలాచోట్ల పొద్దున పేపర్లు చదివే పెద్దలు, పగలంతా పోటీ పరీక్షలకు చదువుకునే యువకులు కుర్చీలన్నీ నింపేస్తారు. నలభై మంది పిల్లలు ఒకేసారి లోపలికి వస్తే వారికీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. ఏ వేళ ఖాళీగా ఉంటుందో, సెలవు ఏ రోజో, పిల్లలకు సభ్యత్వం ఇవ్వడానికి ఏ కాగితాలు కావాలో లైబ్రేరియన్‌ను ముందే అడిగి తెలుసుకోండి. ఇరవై మందికి మించి ఒక జట్టుగా తీసుకువెళ్లకండి.

ఆ పూట చేయవలసిన రెండో పని, మీ అంశం మీద అక్కడ నిజంగా ఏముందో చూసుకోవడం. లేని పుస్తకాన్ని వెతకమని పిల్లలను పంపితే, మొదటి రోజే వారికి గ్రంథాలయం మీద నమ్మకం పోతుంది. బీరువాలో తాళం వేసి ఉంచిన పాత పుస్తకాల గురించి ప్రత్యేకంగా అడగండి, ఎందుకంటే జిల్లా చరిత్రకు పనికివచ్చేవి సాధారణంగా అక్కడే ఉంటాయి. కంప్యూటరు జాబితా లేని చోట పుస్తకాలు వచ్చిన వరుసలో నమోదు చేసే రిజిస్టరు ఒకటి ఉంటుంది. దాన్ని చూడనిస్తారా అని మర్యాదగా అడిగితే కాదనేవారు తక్కువ. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు మీ పని కలిసివచ్చేలా చూసుకుంటే, లైబ్రేరియన్ మీకంటే ఉత్సాహంగా ముందుకు వస్తారు.

పిల్లలకు మొదటి రోజు ఇంటిపన్ను రసీదు తెమ్మనండి. అందులో గ్రంథాలయ సెస్సు అనే పద్దు ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే సొమ్ము అది. ఈ గ్రంథాలయాన్ని నడిపేది తమ ఇంటి డబ్బేనని తెలిసిన పిల్లవాడు గుమ్మం దగ్గర బెరుకుగా నిలబడడు. పైగా వాడు చేత్తో పట్టుకొని, చదివి, ఒక సంగతి రాబట్టిన మొదటి ఆధార పత్రం కూడా అదే అవుతుంది.

అంశాన్ని ప్రశ్నగా మార్చడం

మొదటి రెండు పీరియడ్లు పూర్తిగా దీనికే కేటాయించండి. తొందరపడవద్దు. గ్రంథాలయంలో పిల్లలు దారి తప్పడానికి ప్రధాన కారణం పుస్తకాలు లేకపోవడం కాదు, తాము దేనికోసం వచ్చారో తమకే స్పష్టంగా తెలియకపోవడం.

‘ధవళేశ్వరం ఆనకట్ట’ అని బోర్డు మీద రాసి, దాని గురించి తమకు తెలిసినదంతా చెప్పమనండి. కాటన్ దొర కట్టాడని, ఇప్పుడున్నది బ్యారేజి అని, పుష్కరాలప్పుడు అక్కడ జనం కిక్కిరిసి ఉంటారని, స్నాన సంకల్పంలో కాటన్ పేరు కూడా చెప్పుకుంటారని రకరకాలుగా చెబుతారు. అన్నీ రాయండి, ఏదీ కొట్టివేయకండి. తరువాత ప్రతి మాట పక్కన ‘ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఎందుకు, ఎంత, ఎలా’ అనే మాటల్లో ఏదో ఒకటి చేర్చి ప్రశ్న చేయమనండి. ‘కాటన్ దొర కట్టాడు’ అన్నది ‘కాటన్‌తో పాటు ఇంకెవరు పనిచేశారు?’ అవుతుంది. ‘కరువు వల్ల కట్టారు’ అన్నది ‘ఆనకట్టకు ముందు వచ్చిన పెద్ద కరువు ఏది, అప్పుడు ఈ జిల్లాలో ఏం జరిగింది?’ అవుతుంది.

ఇలా వచ్చిన ప్రశ్నలన్నీ పనికిరావు. వడపోతకు నేను మూడు పరీక్షలు పెడతాను. ఒక్క మాటలో జవాబు వచ్చే ప్రశ్న చాలా చిన్నది: ‘ఆనకట్ట ఎవరు కట్టారు?’ పది పుస్తకాలు రాసినా తీరని ప్రశ్న చాలా పెద్దది: ‘ఆంధ్రలో నీటిపారుదల చరిత్ర ఏమిటి?’ ఇష్టాయిష్టాలతో తేలే ప్రశ్నకు గ్రంథాలయంలో జవాబు ఉండదు: ‘కాటన్ గొప్పవాడా?’ మూడోదాన్ని పారేయనక్కర్లేదు. ‘కాటన్‌ను ఈ ప్రాంత ప్రజలు ఎందుకు గుర్తుపెట్టుకున్నారు, ఆ గౌరవం ఏయే రూపాల్లో కనబడుతుంది?’ అని తిప్పితే అది చక్కని ప్రశ్న అవుతుంది. ముగ్గురు పిల్లలకు ఒక ప్రశ్న చొప్పున ఇవ్వండి, ఏ రెండు జట్లకూ ఒకే ప్రశ్న ఇవ్వవద్దు. అప్పుడు ఒకరిది చూసి మరొకరు రాసే వీలే ఉండదు.

ఈ దశలో పిల్లల చేత మరొకటి కూడా రాయించండి: ‘దీనికి జవాబు ఏమై ఉంటుందని నేను అనుకుంటున్నాను?’ ఆ కాగితాన్ని మడిచి మీ దగ్గర దాచండి. ఆరు వారాల తరువాత దాన్ని తిరిగి ఇచ్చినప్పుడు, తమ ఊహ ఎక్కడ తప్పిందో చూసి పిల్లలు పొందే ఆశ్చర్యాన్ని ఏ పాఠ్యపుస్తకం ఇవ్వలేదు.

మాటల జాబితా

ఈ అడుగును చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ముఖ్యమైనది. పిల్లవాడు ఒక మాటతో వెతుకుతాడు, పుస్తకం మరో మాటతో రాసి ఉంటుంది. రెండూ ఒకటేనని తెలియకపోతే ‘ఏమీ దొరకలేదు సార్’ అని తిరిగివస్తాడు. కాబట్టి గ్రంథాలయానికి వెళ్లే ముందే ప్రతి జట్టూ తన ప్రశ్నలోని ముఖ్యమైన మాటలకు మారుపేర్లన్నీ రాసుకోవాలి.

మొదట ఊళ్ల పేర్లు. నేటి రాజమహేంద్రవరం చాలా పుస్తకాల్లో రాజమండ్రి, విజయవాడ బెజవాడ, మచిలీపట్నం బందరు. కాకినాడను పాత ఇంగ్లీషు కాగితాల్లో కోకనాడ అని రాశారు. ఇంగ్లీషు పుస్తకాల్లో వర్ణక్రమం మరీ చిక్కు తెస్తుంది. గోదావరి పేరు చివర ఇప్పుడు ‘ఏ, ఆర్, ఐ’ అని రాస్తుంటే, పంతొమ్మిదో శతాబ్దపు పుస్తకాలు కొన్ని ‘ఈ, ఆర్, వై’ అని రాశాయి. ధవళేశ్వరాన్ని ఇప్పుడు ‘డి, హెచ్’తో మొదలుపెట్టేవారు ఉన్నారు, పాతవారు ‘డి, ఓ, డబ్ల్యు’తో మొదలుపెట్టారు. పుస్తకం చివరి సూచికలో ఒక వర్ణక్రమంతో చూసి లేదనుకున్నది, మరో వర్ణక్రమం కింద హాయిగా కూర్చొని ఉండవచ్చు.

తరువాత జిల్లాల పేర్లు. ఆనకట్ట పని మొదలైన 1847లో గోదావరి జిల్లా అనేదే లేదు, అప్పటిది రాజమండ్రి జిల్లా. 1859లో గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడ్డాయి. 1925లో పశ్చిమ గోదావరి వేరయింది. 2022లో మళ్లీ విభజన జరిగి కాకినాడ, కోనసీమ, ఏలూరు వంటి జిల్లాలు వచ్చాయి. కోనసీమ పిల్లవాడు ‘కోనసీమ జిల్లా చరిత్ర’ అని వెతికితే పాత పుస్తకాల్లో ఏమీ కనబడకపోవడంలో వింత లేదు. బోర్డు మీద ఒక గీత గీసి, ఏ కాలంలో తమ ఊరు ఏ జిల్లాలో ఉండేదో పిల్లల చేత గుర్తు పెట్టించండి. ఆ గీత ఆరు వారాలూ గోడ మీద ఉండాలి.

మూడోది కాలం. ‘నందన కరువు’ అనే మాట పిల్లలకు ఎదురైతే అది ఏ సంవత్సరం? తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగివస్తాయి. నందన 2012లో వచ్చింది, అంతకుముందు 1952లో, 1892లో, 1832లో వచ్చింది. ఆనకట్టకు ముందు వచ్చిన కరువు గురించి చదువుతున్నాం కాబట్టి 1832-33 అని తేలుతుంది. గుంటూరు వైపు దీన్నే డొక్కల కరువు అన్నారు. అంటే ఒకే కరువుకు కనీసం రెండు పేర్లు, ఒక ఇంగ్లీషు సంవత్సరం, ఒక తెలుగు సంవత్సరం ఉన్నాయి, వీటిలో దేనితోనైనా పుస్తకం దాన్ని ప్రస్తావించవచ్చు. భూమిశిస్తు లెక్కల్లో ఫసలీ (శిస్తు వసూళ్లకు వాడిన సంవత్సరం) కనబడితే దానికి 590 కలపమని చెప్పండి: ఫసలీ 1257 అంటే 1847-48. ఈ లెక్కలు చేయించడానికి గణితం మాస్టారి పీరియడు ఒకటి అడిగి తీసుకోండి, ఆయన సంతోషిస్తారు.

నాలుగోది వస్తువు పేరు. ఆనకట్ట, ఆనికట్టు, బ్యారేజి, డ్యాము అనే మాటలను పిల్లలు ఒకటిగా కలిపేస్తారు. పాత ఆనకట్ట వేరు, దాని స్థానంలో తరువాత వచ్చి ఇప్పుడు కాటన్ పేరు మోస్తున్న బ్యారేజి వేరు. గోదావరి అక్కడ పాయలుగా చీలి ఉండటం వల్ల పాత ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టారు. ‘ధవళేశ్వరం’ అన్న ఒక్క మాటతో వెతికేవాడికి విజ్జేశ్వరం కింద ఉన్న సమాచారం చేజారిపోతుంది.

అరల మధ్య

మొదటిసారి గ్రంథాలయానికి వెళ్లినప్పుడు ప్రశ్నకు జవాబు వెతకనివ్వకండి. ఆ రోజు పని అరలను గుర్తుపట్టడం మాత్రమే. మన పౌర గ్రంథాలయాల్లో ఎక్కువగా కనబడేది 1876లో మెల్విల్ డ్యూయీ ప్రచురించిన దశాంశ వర్గీకరణ. పుస్తకం వీపు మీద అంటించిన చీటీలోని అంకె ఆ పుస్తకం ఏ విషయానికి చెందిందో చెబుతుంది, దాని కింది అక్షరాలు చాలాచోట్ల రచయిత పేరును సూచిస్తాయి. మన దేశం వాడే అయిన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణను తెచ్చారు. మీ ఊళ్లో ఏది వాడుతున్నారో లైబ్రేరియన్‌నే పిల్లలకు చెప్పమనండి.

అంకెలన్నీ బట్టీ పట్టించడం వృథా. ఒకే అంశం ఎన్ని అరల్లో చెల్లాచెదురై ఉంటుందో తెలిస్తే చాలు. ఆనకట్టనే తీసుకుంటే, దాని చరిత్ర 954తో మొదలయ్యే భారతదేశ చరిత్ర అరలో, నిర్మాణం 627 కింద జల ఇంజినీరింగులో, పంటలకు నీరు పెట్టడం 631 కింద వ్యవసాయంలో, కరువు 363 కింద సామాజిక సమస్యల్లో, కాటన్ జీవితం 920 దగ్గర జీవిత చరిత్రల్లో దొరకవచ్చు. కరువు నేపథ్యంగా ఉన్న తెలుగు నవల అయితే 894.827 కింద సాహిత్యంలో ఉంటుంది. ఈ ఆరు అంకెలను ఆరు చీటీల మీద రాసి జట్లకు పంచి, ఒక్కొక్క అర దగ్గరకు వెళ్లి అక్కడున్న మూడు పుస్తకాల పేర్లు రాసుకురమ్మనండి. పుస్తకాలు చెప్పిన చోట లేకపోవడం కూడా జరుగుతుంది. అలాంటప్పుడు పక్క అరలు, బల్లల మీద వదిలేసినవి, తిరిగి సర్దడానికి పేర్చినవి చూడటం అలవాటు చేయండి. తీసిన పుస్తకాన్ని పిల్లలు తామే తిరిగి అరలో పెట్టకూడదు, బల్ల మీద ఉంచాలి. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం.

రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. పిల్లల విషయంలో మాత్రం నేను ఒక పావుగంట ఆ సూత్రాన్ని పక్కన పెడతాను. కావలసిన పుస్తకానికి అటూ ఇటూ ఉన్న పుస్తకాలను ఊరికే తెరిచి చూడటానికి ఆ పావుగంట వారిదే.

చదివే వరుస

రెండోసారి వెళ్లినప్పుడు అసలు వెతుకులాట మొదలవుతుంది. ఏ పుస్తకం ముందు తెరవాలన్నది పిల్లలకు తెలియదు, లావుగా ఉన్నదాని మీద పడతారు. వారికి ఈ వరుస చెప్పండి: ముందు విజ్ఞాన సర్వస్వం, తరువాత చిన్న తెలుగు పుస్తకం, ఆ తరువాత జిల్లా గెజిటీరు (జిల్లా వివరాలన్నీ చేర్చి ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకం), చివర పత్రికలు. విజ్ఞాన సర్వస్వంలోని పేజీడు వ్యాసం చదివితే ముఖ్యమైన పేర్లు, సంవత్సరాలు తెలుస్తాయి, మాటల జాబితాకు మరికొన్ని మాటలు చేరతాయి. దానితోనే ఆగిపోకూడదు.

పుస్తకాన్ని మొదటి పుట నుంచి చదవనక్కర్లేదని పిల్లలకు ఎవరూ చెప్పరు. విషయసూచిక, ముందుమాట, చివరి పదసూచిక, ఈ మూడూ చూసి రెండు నిమిషాల్లో ఆ పుస్తకం ఉంచుకోవాలో వదిలేయాలో తేల్చుకోవడం సాధన చేయించండి. మన తెలుగు పుస్తకాల్లో చాలావాటికి చివర పదసూచిక ఉండదు. ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న కోపం. అలాంటప్పుడు విషయసూచికలోని అధ్యాయాల పేర్లను బట్టి ఊహించి, ఆ అధ్యాయంలో పేరాల మొదటి వాక్యాలను మాత్రం చూపుతో దువ్వుకుంటూ పోవాలి. ముందుమాటను తప్పక చదివించండి, రచయిత తాను ఏయే పుస్తకాలు చూశాడో తరచుగా అక్కడే చెబుతాడు. ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి దారి దొరికేది అక్కడే.

గోదావరి జిల్లాకు 1878లో హెన్రీ మోరిస్ రాసిన వర్ణన ఒకటి, 1907లో హెమింగ్వే రాసిన జిల్లా గెజిటీరు ఒకటి ఉన్నాయి. రెండూ ఇంగ్లీషువే. తెలుగు మాధ్యమం పిల్లలకు అవి కొరుకుడు పడవని వదిలేయకండి. గెజిటీరు మొత్తం చదవమని ఎవరూ అనలేదు. వ్యవసాయం, నీటిపారుదల ఉన్న అధ్యాయంలో ఒక పేరా, కరువులు, వరదలు ఉన్న అధ్యాయంలో ఒక పేరా మీరే ఎంచి, జట్టుకు ఒక నిఘంటువు ఇచ్చి కూర్చోబెట్టండి. ఆరు వాక్యాలకు ఒక పీరియడు పడుతుంది. పడనివ్వండి. తాము పుట్టడానికి నూరేళ్లకు ముందు అచ్చయిన పుస్తకంలో తమ ఊరి పేరు చూసిన పిల్లల ముఖాలు చూస్తే ఆ పీరియడు దండగ అనిపించదు.

పత్రికల విషయంలో ఒక పొరపాటు ముందే సరిచేయాలి. ఆనకట్ట కట్టిన కాలానికి సాక్ష్యం చెప్పగల తెలుగు దినపత్రిక లేదు. ఆంధ్రపత్రిక దినపత్రికగా వచ్చింది 1914లో. కనుక 1850 నాటి సంగతిని నేటి పత్రికలోని ఆదివారం వ్యాసంలో చదివితే, అది మరొకరు వేరే చోట చదివి రాసినదేనని గుర్తించాలి. పత్రికలు అసలు ఆధారంగా పనికివచ్చే ప్రశ్న కావాలంటే 1986 ఆగస్టు గోదావరి వరదలను తీసుకోండి. ‘ఎనభై ఆరు వరద’ అంటే లంక గ్రామాల్లో తాతలు, అమ్మమ్మలు ఇప్పటికీ చెబుతారు. ఆ నెల పత్రికల బైండు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో దొరికితే, ఇంట్లో విన్న మాటను అచ్చులోని మాటతో పోల్చి చూసే అరుదైన అవకాశం వస్తుంది.

చీటీలు

నోటుపుస్తకంలో కాకుండా విడి చీటీల మీద రాయించండి. పోస్టుకార్డు అంత అట్ట ముక్కలు చాలు, పాత పెళ్లి శుభలేఖల వెనుక వైపు అయినా సరే. ఒక చీటీ మీద ఒకే సంగతి. పైన ఎడమ మూలన పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం, పుట సంఖ్య. కుడి మూలన అరలోని అంకె. మధ్యలో సంగతి. కింద ‘ఇది నా ప్రశ్నలో దేనికి పనికివస్తుంది?’ అన్నదానికి ఒక్క వాక్యం. మూలల్లో వివరాలు పూర్తిగా నింపాకే మధ్యలో రాయాలన్నది నేను కఠినంగా పట్టే నియమం. పుట సంఖ్య తరువాత రాసుకుందామని వదిలేసిన పిల్లలు, దాని కోసం మళ్లీ బస్సెక్కి రావలసి వస్తుంది.

పుస్తకంలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే ఎర్ర సిరా, సొంత మాటల్లో రాస్తే నీలి సిరా వాడమనండి. ఇంత చిన్న ఏర్పాటు వల్ల కాపీ కొట్టడం మీద ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం తప్పుతుంది. చీటీలన్నీ ఎర్రగా ఉంటే ఆ పిల్లవాడు ఇంకా చదవలేదని, దించుకున్నాడని వాడికే కనబడుతుంది. సొంత మాటల్లో రాయడం నేర్పడానికి ఒక పాత పద్ధతి ఉంది: పేరా రెండుసార్లు చదివించి, పుస్తకం మూయించి, పక్కవాడికి చెప్పించి, ఆ చెప్పినదాన్ని రాయించడం. మైలు, గజం, పుట్టి వంటి పాత కొలతలు ఎదురైతే చీటీ మీద అలాగే ఉంచి, నేటి కొలత పక్కన పెన్సిలుతో రాయాలి.

పుస్తకాలు విభేదించినప్పుడు

నాలుగో వారానికి ఎవరో ఒకరు లేచి, ‘ఒక పుస్తకంలో ఆనకట్ట 1850లో పూర్తయిందని ఉంది, ఇంకోదాంట్లో 1852 అని ఉంది, ఏది రాయాలి?’ అని అడుగుతారు. వెంటనే జవాబు చెప్పేయకండి, ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాం. రెండు చీటీలనూ బోర్డుకు అంటించి, ‘పూర్తి కావడం’ అంటే ఏమిటో చర్చించండి. నదికి అడ్డంగా కట్టుబడి లేవడమా? మరమ్మతులు, పైపనులు ముగియడమా? కాలువల్లోకి నీరు వదలడమా? 1847లో మొదలైన పని 1852లో ముగిసిందని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. అయినా పిల్లవాడు తన వ్యాసంలో రెండు సంవత్సరాలనూ, రెండు ఆధారాలనూ చెప్పి, తాను ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నాడో ఒక వాక్యం రాయాలి. దీనికి తోడు, విజయవాడలో కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైంది కూడా 1852లోనే. రెండు నదుల సంగతులూ కలిసిపోయాయేమో చూసుకోమని హెచ్చరించండి.

తరువాత, చెప్పినవారెవరో చూడటం నేర్పాలి. ఆనకట్ట కావాలని 1844లో నివేదిక రాసిన కాటన్ ప్రభుత్వాన్ని ఒప్పించడానికి రాశాడు. గెజిటీరు రాసిన హెమింగ్వే ఆ ప్రభుత్వంలో అధికారి. 1900లో వెలువడిన కాటన్ జీవిత చరిత్రను సిద్ధం చేసింది ఆయన కూతురు లేడీ హోప్. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పారని అనడం లేదు. ఎవరు ఎక్కడ నిలబడి చూశారో గమనించమని మాత్రమే అంటున్నాను. పిల్లలకు ఇది తేలికగానే అర్థమవుతుంది, ఇంట్లో గొడవ గురించి అన్న ఒకలా, చెల్లి ఒకలా చెప్పడం వారికి కొత్త కాదు. కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న గురించి ఏ పుస్తకంలో ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెట్టమనండి. రాళ్లు మోసిన కూలీల గురించి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టమనండి. రెండో లెక్క ముగియడానికి ఎక్కువ సేపు పట్టదు.

స్నాన సంకల్పంలో కాటన్ పేరు చెబుతారన్న మాటను పట్టుకున్న జట్టు ఈ దశలో సాధారణంగా ఇరుక్కుపోతుంది. అందరూ రాస్తారు, ఎవరి దగ్గర విన్నారో రాయరు. వారిని రేవులో సంకల్పం చెప్పే పురోహితుల దగ్గరకు పంపండి. ఊరు, తేదీ, చెప్పిన మాటలు చీటీ మీదకు ఎక్కితే, అది పుస్తకంలోని వాక్యంతో సమానమైన ఆధారమే. చెప్పినవారి అనుమతి లేకుండా పేరు రాయకూడదు.

గ్రంథాలయంలో దొరకనప్పుడు

శాఖా గ్రంథాలయంలో జవాబు దొరకకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయం, అక్కడా దొరకకపోతే పాత గ్రంథాలయాలు. రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, హనుమకొండలో 1904లో నెలకొన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వంటివి తమ ప్రాంతంలో ఏవి ఉన్నాయో పిల్లలకు తెలియాలి. అంతదూరం తరగతినంతా తీసుకువెళ్లలేం. ఏ పుస్తకం, ఏ పుటలు కావాలో స్పష్టంగా రాసి ఒక ఉత్తరం పంపించవచ్చు. ధవళేశ్వరంలోనే ఉన్న కాటన్ మ్యూజియాన్ని చివర చూపించండి, మొదట చూపించకండి. ప్రశ్నలతో వెళ్లినవారే అక్కడి నమూనాల ముందు ఆగుతారు.

అంతర్జాలాన్ని నేను నిషేధించను, అయిదో వారం దాకా వాయిదా వేస్తాను. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో పాత తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు పుట పుటగా దొరుకుతాయి, పైన చెప్పిన మాటల జాబితా అక్కడ మరింత పనికివస్తుంది. పుస్తకం బొమ్మగా దొరికిందా, ఎవరో దానిలోంచి తీసి రాసిన వాక్యం దొరికిందా అన్న తేడా మాత్రం పిల్లలు గుర్తించాలి. మొదటిది గ్రంథాలయమే. రెండోది చీటీ మీదకు ఎక్కడానికి అర్హమా కాదా అన్నది, దాని మూలం ఎక్కడుందో చూశాకే తేల్చాలి.

రాయించడం, మార్కులు వేయడం

ఆరో వారం చీటీలను బల్ల మీద పరిచి, ఒకదానికొకటి సంబంధం ఉన్నవాటిని దగ్గర చేర్చమనండి. ఆ గుంపులే పేరాలు అవుతాయి. వ్యాసం రెండు పుటలు మించవద్దు. ప్రతి పేరా చివర ఆధారపడిన చీటీల సంఖ్యలు వేయాలి. చివర అర పుటలో వెతికి దొరకనివి, దొరికినా చదవలేకపోయినవి, ఇంకా తేలనివి రాయాలి. ఈ అర పుటను పిల్లలు మొదట సిగ్గుపడుతూ రాస్తారు. దానికి మార్కులున్నాయని తెలిశాక తీరుగా రాస్తారు.

నేను వేసే పద్ధతిలో ఇరవై మార్కులకు ప్రశ్నకు నాలుగు, మాటల జాబితాకు మూడు, చీటీలకు ఆరు, ఆధారాలు విభేదించిన చోట చేసిన నిర్ణయానికి మూడు, వ్యాసానికి రెండు, చివరి అర పుటకు రెండు. వ్యాసానికి రెండే ఏమిటని తల్లిదండ్రులు అడిగారు, తోటి ఉపాధ్యాయులూ అడిగారు. చేతిరాత బాగున్న పిల్లలకు ఇప్పటికే చాలాచోట్ల మార్కులు వస్తున్నాయి. వెతకడం వచ్చిన పిల్లలకు మరెక్కడా రావు. మౌఖికంగా ఒక్క ప్రశ్న అడగండి: వ్యాసంలో ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి ‘ఇది నీకెలా తెలుసు?’ అని. చీటీల కట్టలోంచి సరైన చీటీ అర నిమిషంలో తీసి చూపించినవారికి మిగతా ప్రశ్నలు అక్కర్లేదు.

ముప్పై వ్యాసాలనూ, వాటి చీటీలనూ ఒక బైండుగా కుట్టించి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి. లైబ్రేరియన్ అంగీకరిస్తే రిజిస్టరులో సంఖ్య వేయించి, 954 అరలో పెట్టించండి. మరుసటి ఏడాది తొమ్మిదో తరగతిని తీసుకువెళ్లినప్పుడు మొదట తెరవవలసిన పుస్తకాల్లో అది కూడా ఒకటి, అందులోని తప్పులు పట్టడమే కొత్త జట్ల మొదటి పని.